ఎర్రలైటు పెద్దాయన

"పెట్టె మీద ఎర్రలైటు వెలుగుతోందమ్మా."

చెవిలో ఆ గొంతు పడగానే లెక్కలక్కకు ఎక్కడలేని నీరసం ముంచుకొచ్చింది. నిన్నా ఇదే లైటు. మొన్నా ఇదే.

"స్విచ్చు ఆపి, కాసేపాగి మళ్లీ వెయ్యండి సార్."

"ఆపేశాను."

అప్పుడేనా! కుర్చీ జరిగిన చప్పుడు లేదు, స్విచ్చు టక్కుమన్నదీ లేదు.

"నిజంగా ఆపారా?"

"ఆపానమ్మా. అది వెలిగేదాకా మాట్లాడుకుందాం. గొంతు బొంగురుపోయిందేం? మంచినీళ్లు తాగుతున్నావా, అదీ లేదా?"

ఆ ఇంటర్నెట్ కంపెనీ ఫిర్యాదుల గదిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. దేన్నైనా లాభనష్టాల్లో తూస్తుంది గనక అందరికీ లెక్కలక్కే. ఇదివరకు చెప్పుల కొట్టు నడిపింది. జనం ఇంట్లో కూర్చుని ఫోన్లలోనే చెప్పులు కొనుక్కోవడం మొదలెట్టాక కొట్టుకు తాళం వేసి, అదే జనం ఇంటర్నెట్ తిప్పలు వినే ఉద్యోగంలో చేరింది. భర్త మోకాళ్లు పట్టేసి మంచం దిగడం లేదు. ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఈ కుర్చీ పుణ్యమే.

కొట్టు మూసినా కొట్టు బుద్ధి పోలేదు. ఫోను మోగిందంటే గడపలోకి బేరం వచ్చినట్టే. రెండు ముక్కల్లో తేలితే లాభం, సాగితే నష్టం. ఈ పెద్దాయన అరల్లోని జతలన్నీ దింపించి, అన్నీ తొడిగి చూసి, 'మళ్లీ వస్తాలే' అని ఉత్త చేతులతో వెళ్లిపోయే రకం.

పైగా ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. ఫిర్యాదు మొదట ఎవరు తీసుకుంటే, తీరిందని మూసేదాకా ఆ నంబరు వాళ్లకే మోగుతుంది. ఒకసారి టెక్నీషియన్ను కూడా పంపి చూసింది. మర్నాడు మళ్లీ అదే లైటు.

"ఉంటాను సార్. సేవ నచ్చితే చివర్లో ఐదు నొక్కండి. మీరు నొక్కే ఐదే నాకు అన్నం."

ఐదు నొక్కమనడం కంపెనీ నేర్పిన మాట. అన్నం సంగతి ఆమె సొంతం. కొట్లో ప్రతివాళ్లతోనూ 'మీ కాలికోసమే దాచి ఉంచానండీ' అనేది కదా, అలాంటిదే. అనేవాళ్లకూ పట్టదు, వినేవాళ్లకూ పట్టదు.

"నువ్వు ముందు పెట్టెయ్యమ్మా, నేను తర్వాత పెడతా" అన్నాడు పెద్దాయన.

రోజూ ఇంతే. ఇదో చాదస్తం.

సూపర్‌వైజర్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏంటక్కా, ఒక్క లైటు ఆర్పడానికి ఇంతసేపా? వచ్చే నెలాఖరుకి ఒకళ్లని తగ్గించమంటున్నారు. టైమూ చూస్తారు, జనం నొక్కే మార్కులూ చూస్తారు. ఎందులో అట్టడుగున ఉన్నా ఇంటికే. తర్వాత నన్ననొద్దు."

"నేనేం చెయ్యను బాబూ? ఆయన వదిలితేగా!"

పక్క కుర్చీ పిల్ల నవ్వింది. "ఆయన వదిలేదేంటక్కా, నువ్వే వదిలించుకో. తీరిపోయిందని నొక్కేస్తే సరి."

ఆ రాత్రి భర్త మోకాళ్లకు నూనె రాస్తూ లెక్క వేసుకుంది. కదలని సరుకును అరలో ఉంచుకోవడం ఎప్పటికీ నష్టమే.

మర్నాడు ఎర్రలైటు రానే వచ్చింది.

"సార్, ఒక్కమాట చెప్పండి. లైటు పోయిందా, లేదా? మీకు పొద్దుపోక చేస్తుంటే నాకిక్కడ పని ఉంది."



"నీకు ఇబ్బందవుతోందామ్మా?"

"అవుతోంది."

"అయ్యో... సరేనమ్మా. నువ్వు ముందు పెట్టెయ్."

పెట్టేసింది. 'తీరింది' అని నొక్కేసింది.

ఆ నంబరు మళ్లీ ఆమెకు మోగలేదు. ఒకరోజు మాత్రం పక్క కుర్చీ పిల్ల చెప్పింది. "మీ పెద్దాయన నాకు తగిలాడక్కా. నువ్వున్నావా అని అడిగాడు. నువ్వు వేరే లైనుకు మారావన్నాను. లైటు ఊసు కూడా ఎత్తకుండా పెట్టేశాడు."

"పోనీలే, పీడా పోయింది" అంది లెక్కలక్క. ఆ మాటకు ఎందుకో ఆమెకే పెద్దగా సంతోషం కలగలేదు.

మరుసటి నెలాఖరున సూపర్‌వైజర్ పిలిచాడు. ఎదురుగా కూర్చోమన్నాడు. ఎప్పుడూ నిలబెట్టే మాట్లాడేవాడు కూర్చోమంటే ఏమిటో ఆమెకు అర్థమైంది.

"టైములో ఈ నెల నువ్వే ఫస్టక్కా."

"మరింకేం?"

"మార్కుల్లో లాస్టు."

"నాకెప్పుడూ బాగానే వచ్చేవిగా!"

"వచ్చేవి. అవి ఎక్కణ్ణుంచి వచ్చేవో ఇవాళే చూశాను. నువ్వు ఫోను పెట్టేశాక, రికార్డు గొంతు వాగేదంతా విని అంకె నొక్కే ఓపిక ఎవరికుంటుంది చెప్పు? నీకు ఒక్క నంబరు నుంచే వచ్చేవి. రోజుకో ఐదు. నువ్వే మూసేశావు దాన్ని."

ఏ నంబరని ఆమె అడగలేదు.

నువ్వు ముందు పెట్టెయ్యమ్మా, నేను తర్వాత పెడతా.

కొట్లో కొననే కొనడనుకున్న మనిషి ఒక్కడే రోజూ కొని వెళ్లాడు.

సంచిలో నీళ్లసీసా, టిఫిన్ డబ్బా సర్దుకుని మెట్లు దిగుతూ టెక్నీషియన్‌కు ఫోను చేసింది. ఉద్యోగం ఎలాగూ తిరిగి రాదు. ఆ లైటైనా బాగు చేయించి, ఒక్కమాట చెప్పుకోవాలి.

"తమ్ముడూ, ఎర్రలైటు పెద్దాయన ఇంటికి ఒకసారి వెళ్లి ఆ పెట్టె చూసి రావా?"

"అక్కడ పెట్టెక్కడిదక్కా?" అన్నాడతను. "నీకు చెప్పొద్దన్నాడు గానీ, నువ్వు నన్ను పంపిన రోజే ఊడదీసి నా చేతిలో పెట్టేశాడు, 'చూపు ఆనడం లేదు, నాకింక దీంతో పనేముంది, తీసుకుపో బాబూ, ఫిర్యాదు మాత్రం ముయ్యనివ్వకు, ఆ అమ్మాయికి నేను నొక్కే ఐదే అన్నమట' అని."