మచ్చ లేని ముఖం

"ఇగ ఒక్కరే! సారు జల్ది పట్నం పోవాలె. మిగిలినోళ్ళు వచ్చే వారం రాండ్రి" అని కాంపౌండరు అంజిలయ్య తలుపు దగ్గర నిలబడి కేకేశాడు.

బెంచీ మీద మిగిలింది ఇద్దరే. నందిని, పక్కన ఎవరో ఒకామె.

ఆ ఒక్క నంబరు పక్కనామెది.

నందినికి ఏడుపొచ్చినంత పనయింది. ఇబ్రహీంపట్నంలో మందుల షాపు మీది గదిలో ఈ చర్మం డాక్టరు వారానికి ఒక్కరోజే కూర్చుంటాడు. వచ్చే వారం దాకా ఆగడానికి ఆమెకు వ్యవధి లేదు. సోమవారం శేరిగూడ దగ్గర ప్లాట్ల వెంచర్ ఆఫీసులో రిసెప్షనిస్టుగా చేరాలి.

"మొఖం జర డాక్టర్‌కు చూపించుకొని రా. లేకుంటే ఇంకో పిల్లను పెడతం" అని మేనేజరు మొహం మీదే అన్నాడు.

ఆ పాడు మాట విన్నప్పటి నుంచి నందినికి మనుషుల పేర్లు గుర్తుండటం లేదు, చెంపలే గుర్తుంటున్నాయి. ఎవరు ఎదురైనా ముందు చెంపలు చూస్తుంది. నున్నగా ఉంటే చాలు, వాళ్ళు పగవాళ్ళే.

పక్కనామెకు ముప్పై ఏళ్ళుంటాయేమో. పౌడరు కూడా రాసుకోలేదు. ఒక్క మొటిమ లేదు, ఒక్క గుంట లేదు. ఒలిచిన తాటిముంజెలా ఉంది ముఖం.

నందిని ఆమెను చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. ఆ ఉక్రోషంలో వేళ్ళు తన గడ్డం మీది మొటిమ మీదికి పోయాయి.

"గిల్లకు చెల్లె. గుంటలు పడ్తయ్" అంటూ ఆమె నందిని చెయ్యి పట్టుకుంది.

నందిని విదిలించుకుంది.

"నీకేమక్కా, ఎన్నన్నా చెప్తవ్. నీకుంటే తెలుస్తుండె."

"నేను చెప్తలేను, సారు చెప్పేదే. వారం వారం ఈడనే కూసుంటున్న గద, లోపలి మాటలు ఈడిదాంక వినబడ్తయ్. రెండు పూటల మెత్తటి సబ్బుతోని కడుక్కో, గట్టిగ రుద్దకు. నెత్తికి నూనె పెట్టుకొని పండుకోకు. ఎవరో చెప్పిన్రని షాపుల ఏదో ట్యూబు కొని పూస్తలేవు గద?"

పూస్తోంది. దోస్తు చెప్పిందని తెల్లబడే ట్యూబు తెచ్చుకుంది. మొటిమలు ముందు తగ్గినట్టే తగ్గి, తర్వాత రెట్టింపయ్యాయి. కానీ ఈ తాటిముంజె ముందు ఒప్పుకోవడమా? చచ్చినా ఒప్పుకోదు.

"వారం వారం వస్తున్నవా?" అంది నందిని. "గింత ముద్దుగున్న మొఖానికి డాక్టరెందుకక్కా? ఇంకా తెల్లగ కావాల్నా? నీ అసొంటోళ్ళు బెంచీ నింపితే, రోగమున్నోళ్ళకు నంబరు యాడ దొరుకుతది?"

ఆమె ముఖం చిన్నబోయింది.

నందినికి మాత్రం కడుపు చల్లబడింది. పొద్దున్నుంచి ఇంత హాయి దొరకలేదు.

పక్కనామె డాక్టరు గది తలుపు వైపు చూసింది. కొంగు కొస వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"నువ్వన్నది నిజమే చెల్లె. నువ్వే పో."

నంబరు చీటీ నందిని చేతిలో పెట్టేసింది.

"మళ్ళొచ్చి అడగవు గద?"

"అడగ. నాకేం తొందర లేదు."

ఆమె లేచి, గోడ పట్టుకుని, కుడి పాదం ఆనీ ఆనించకుండా మెల్లగా మెట్లు దిగిపోయింది.

'నడకలో కూడా వయ్యారమే' అని నందిని మూతి తిప్పుకుంది.

లోపలికి వెళ్ళగానే డాక్టరు తలెత్తకుండానే అన్నాడు.

"రా సునందా, కూర్చో."

తలెత్తి ఆగిపోయాడు.

"సునంద ఏది?"

"పోయింది సార్. నంబరు నాకిచ్చింది."

"ఎందుకిచ్చింది?"

"ఆమెకేం సార్, మొఖం అద్దమోలె ఉన్నది. నాకే తొందరుండె."

డాక్టరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"అంజిలయ్యా, ఉరుకు! కోహెడ ఆటో ఎక్కకముందే సునందను ఆపు!"

అంజిలయ్య మెట్ల మీద పరుగెత్తాడు. డాక్టరు సునందకు ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్. మళ్ళీ చేశాడు. అదే.

నందిని తలుపు వైపు ఒక అడుగు వేసింది. మళ్ళీ వెనక్కొచ్చి కూర్చుంది. ఇంత చేసి దక్కించుకున్న నంబరు వదులుకోబుద్ధి కాలేదు.

డాక్టరు ఒక కన్ను తలుపు మీదే పెట్టి ఆమె బుగ్గలు చూశాడు.

"ట్యూబు బంద్ చెయ్. గిల్లకు. మెత్తటి సబ్బుతో రెండు పూటలా కడుక్కో, రుద్దకు. రాత్రిళ్ళు ఈ జెల్ పలచగా రాయి. ఓపిక పట్టు, నెలలు పడుతుంది."

జెల్ ఒక్కటే కొత్త మాట. మిగిలిన జాగ్రత్తలన్నీ బెంచీ మీద విన్నవే.

"సోమవారానికి తగ్గదా సార్?"

అంతలోనే అంజిలయ్య రొప్పుతూ వచ్చి గుమ్మం పట్టుకున్నాడు.

"దొరకలే సార్. ఆటో పోయింది."

డాక్టరు చేతుల్లో తల పట్టుకున్నాడు.

"పోయిన వారం కూడా ఇట్లనే. ఎవరికో నంబరిచ్చి పోయింది. తప్పించుకోవడానికి ఆమెకు ఏదో ఒక సాకు దొరకాలి, అంతే."

సాకు ఎవరిచ్చారో నందినికి తెలుసు. అంజిలయ్య వెంట బయటికి నడిచింది.

"ఆమెకేమైంది తాతా? వచ్చే వారం వస్తది గద?"

"వచ్చే వారం దాంక ఆగేది కాదు బిడ్డా" అన్నాడు అంజిలయ్య. "అరికాలు కింది నల్లమచ్చను ముక్క దీసి పరీక్షకు పంపితే క్యాన్సరని వచ్చింది, ఆమెను తన కార్లనే పట్నం దవాఖానకు తీస్కపోదామనే సారు ఇయ్యాల జల్ది లేస్తనన్నడు."