దసరా తర్వాత దొరికిన వెలుగు

“మళ్లీ కొట్టమ్మా,” అన్నారు గైడు సీతారామారావు గారు.

పద్మజ మీట నొక్కింది. లేజరు కాంతి గొట్టానికున్న గాజు కిటికీ దాటి లోపలి వాయువు మీద పడింది. తెర మీద గీత కొండలా లేచి దిగింది.

విజయనగరంలోని ఆ ల్యాబులో ఆమె మూడేళ్లుగా కాచుకున్నది ఈ గీత కోసమే. లేజరు దెబ్బకు అణువు ముక్కలవుతుంది. ఆ ముక్కలు రెప్పపాటైనా బతకవు. బతికిన ఆ కాస్తలోనే అవి చిమ్మే వెలుగును పట్టుకోవాలి. ఈ నెలాఖరుతో పీహెచ్‌డీ గడువు తీరిపోతుంది. వారం కిందట, దసరా సెలవుల తర్వాత తలుపు తీసిన రోజే వెలుగు దొరికింది. ఆ సంబరంలో గీతను ఫొటో తీసి, కళింగపట్నంలో ఉన్న అమ్మకు వాట్సాప్‌లో పంపేసింది కూడా.

“చూశావా? బొట్టు లేదు, కొబ్బరికాయ లేదు. అయినా వచ్చింది,” అన్నారు సార్.

సార్‌కు దేవుడితో తగువేమీ లేదు. ల్యాబు గుమ్మం బయటే ఉండమంటారు, అంతే.

“ఆయుధపూజ నాడు మిసనుకి ఓ బొట్టెడతానంటే, తాళం సెవి జేబులో ఏసుకుని ఎలిపోనారు బాబు,” అన్నాడు అటెండరు అసిరయ్య. “అమ్మోరికి కోపం రానేదు, అదే నయం.”

సార్ నవ్వి పొందూరు ఖద్దరు చొక్కా సర్దుకున్నారు. తెల్లటి జేబు మీద పసుపుపచ్చటి మరక. పండగనాడు పప్పు ఒలికిందట, ఎంత ఉతికినా వదల్లేదట.

“లేజరు ఆపితే గీత పోతన్నాది, పెంచితే పెరుగుతన్నాది. రేపు నా పని చూడ్డానికి హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకి ధైర్యంగా చూపిస్తాను సార్,” అంది పద్మజ.

“చూపిద్దువులే. ఒక్కసారి వాయువంతా తోడేసి కొట్టు. ఖాళీ గొట్టంలో గీత రాలేదంటే ఇక ఎవడూ నోరెత్తడు.”

పంపు వాయువంతా తోడేసింది. పద్మజ ధీమాగా మీట నొక్కింది.

గీత ఎప్పటిలాగే లేచింది.

ఆమె లేజరు ఆపి, టార్చి వేసి కిటికీ చూసింది. పైనున్న ఇనప చట్రం నుంచి రాలిన పొడి గాజుకు పల్చగా అంటుకుని ఉంది. వేలికి రాసుకుని వాసన చూసింది. పసుపు. తలెత్తి చూస్తే చట్రం మీద ఎండిన బొట్టు. లేజరు పడితే పసుపు కూడా వెలుగుతుందని ఆమెకు తెలుసు. వారం రోజుల సంబరం ఒక్క క్షణంలో నీరుగారిపోయింది. ఏడుపు వచ్చింది గానీ మింగేసింది.

“గాజు తుడిచి మళ్లీ మొదలెడతాను సార్. నెలాఖరు ఇంకా రాలేదు కదా. కానీ ఈ బొట్టు ఎవరు పెట్టారు?”

“నాను కాదమ్మా,” అన్నాడు అసిరయ్య. “తాళం సెవి సారు కాడే కదా ఉన్నాది.”

“మా అమ్మ మీద ఒట్టు, నేనూ కాదు. మరి నా పీహెచ్‌డీ కోసం ఇంతలా మొక్కుకున్నది ఎవరు సార్?”

సార్ అరచేయి మెల్లగా జేబు మీది మరకను కప్పేసింది.