ఉండే హక్కు

“గెలిచాం నిరోషా! మీ ఆయన ఇంట్లోంచి నిన్ను ఎవరూ గెంటకూడదని కోర్టు ఆర్డరిచ్చింది,” పంజాగుట్టలోని తన ఆఫీసులో కాగితం చాపుతూ అంది లాయర్ వరలక్ష్మి.

దాన్ని నిరోష తండ్రి ఇస్తారి అందుకున్నాడు. ఆయన అమీర్‌పేటలో దర్జీ. భర్త కొట్టి వెళ్లగొట్టాక, ఏడు నెలలుగా నిరోష ఆయన ఒంటిగది ఇంట్లోనే ఉంటోంది.

“మంచిగైంది మేడం. ఇయ్యాల్నే దింపొస్త.”

“నేను పోతనన్ననా బాపు? మైత్రీవనంల కంప్యూటర్ కోర్సు అయితే ఉద్యోగం జూసుకుంట. మల్ల ఆయన చేతుల దెబ్బలు తినాల్నా?”

“ఇగ కొడితే జైలేనట బిడ్డా. కొత్త చట్టమొచ్చింది.”

“ఇస్తారిగారూ, అది ఉండే హక్కండీ. వెళ్లి తీరాలని కాదు,” అంది వరలక్ష్మి.

“హక్కున్న ఇల్లుండంగ ఈడెందుకున్నదని నలుగురు నన్నే అడుగుతరు మేడం.”

అప్పుడు చూసింది నిరోష, ఆయన కుర్చీ కింద తన బట్టల సంచి.

“ఎప్పుడు సదిరినవ్ బాపు?”

ఇస్తారి కాలరుకు పెట్టుకున్న గుండుసూది తీశాడు. కుట్టడం అయిపోయిన బట్టలకు ఇచ్చినవాళ్ల పేరు రాసిన చీటీ గుచ్చినట్టే, ఆర్డరును నాలుగు మడతలు పెట్టి ఆ సంచికి గుచ్చాడు.