కుర్చీ వేసిన చోటు

కోరిన్ కారు దిగి, రోడ్డు వారనున్న ఇనప మడత కుర్చీని ఎత్తి పక్కన పెట్టింది.

ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది.

మోకాలెత్తు మంచులో ఒక కారు పట్టేంత చోటు ఎవరో శుభ్రంగా తవ్వి, నడిమధ్యన ఆ కుర్చీ వేసి వెళ్ళారు. షికాగోలో దానికి అర్థం ఒక్కటే. తవ్విన చోటు తవ్వినవాడిది.

ఆమె కారు అందులో పెట్టేసి, తల వంచుకుని మేడెక్కింది.

రూమ్మేట్ యెసేనియా కిటికీలోంచి అంతా చూసింది. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన పిల్ల.

“కొంప ముంచావు కదే! నువ్వొచ్చిన రోజే ఏం చెప్పాను?”

“చాలా చెప్పావు. జత మీద జత మేజోళ్ళు వేసుకోమన్నావు. రాత్రిపూట వైపర్లు పైకెత్తి ఉంచమన్నావు. పెద్దరోడ్డు మీద కారు వదిలితే మున్సిపాలిటీవాళ్ళు లాక్కుపోతారన్నావు.”

“అన్నిటికంటే ముందు చెప్పింది?”

“కుర్చీ ముట్టుకోవద్దన్నావు.”

“మరి?”

“మరి రేపు ఆలస్యమైతే నా సీటు పోతుంది. తెచ్చిస్తావా?”

అదీ సంగతి. కోరిన్ నర్సు చదువు కోసం మంచు మొహం ఎరగని లూసియానా నుంచి వచ్చింది. తెల్లారేసరికి ఊరవతల ఆస్పత్రి వార్డులో ఉండాలి. చోటు దొరక్క ఎక్కడో దూరాన కారు పెట్టి, పొద్దున్నే దాన్ని మంచులోంచి పెకలించుకునేసరికి ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకొక్కసారి అయితే పేరు కొట్టేస్తానని కాలేజీ మేడమ్ కచ్చితంగా చెప్పేసింది.

“ఆ కుర్చీ ఎదురింటి స్తాచూరా తాతది,” అంది యెసేనియా. “పోయినేడు మా అన్న ఎవరిదో కుర్చీ జరిపాడు. తెల్లారేసరికి కారు నిండా నీళ్ళు కొట్టి గడ్డ కట్టించారు. తలుపు ఊడి రావడానికి మధ్యాహ్నమైంది.”

“పొద్దున చూసుకుందాంలే.”

పొద్దున చూస్తే కారు మీద గీత కూడా లేదు. టైర్లలో గాలి ఉంది. ఎదురింటి కిటికీలో ముసలాయన కాఫీ తాగుతూ ఆమెకేసే చూస్తున్నాడు.

కోరిన్ చూపు తిప్పుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రానికి కుర్చీ మళ్ళీ అక్కడే ఉంది. మళ్ళీ తీసి పక్కన పెట్టింది.

ఇక అదే వరసైంది. మంచు పడినప్పుడల్లా ఆయన తవ్వేవాడు, కుర్చీ వేసేవాడు. ఆమె వచ్చి జరిపేది.

“నీది గుండె కాదే, బండ,” అనేది యెసేనియా. “ఆ వయసులో ఆయన నడుం విరగ్గొట్టుకుంటుంటే...”

“వీధేమన్నా వాళ్ళ తాత జాగీరా? నాకైతే చదువు పోతుంది. ఆయనకు పోయేదేమిటి, పొద్దుపోక తవ్వుతున్నాడు.”

లెక్క సరిగ్గానే ఉంది. కంటినిండా నిద్ర, చేతిలో సీటు. శ్రమంతా ఎదుటివాడిది. ఇంతకంటే గిట్టుబాటైన బేరం ఉండదు. అయినా ఆ కిటికీ ముందు నడిచేటప్పుడు మాత్రం ఆమె అడుగులు వాటంతటవే వడివడిగా పడేవి.

ఒకరోజు ఎదురుపడనే పడ్డారు. ఆయన పారకు ఆనుకుని రొప్పుతున్నాడు.

“అమ్మాయీ, రోడ్డు జారుతోంది. బ్రేకు ఒక్కసారే తొక్కేవు. మెల్లగా పో.”

తిట్టాల్సినవాడు జాగ్రత్తలు చెబుతున్నాడేమిటి? వెటకారం కాబోలు.

“తెలుసులెండి,” అని కారెక్కేసింది.

వార్డు శిక్షణ చివరికొచ్చింది. రేపు ఆఖరి పరీక్ష అనగా, సాయంత్రం కోరిన్ వీధి మలుపు తిరిగేసరికి కుర్చీ లేదు. ఆ చోట ఎవరిదో వ్యాను నిలబడి ఉంది.

ఒళ్ళు మండిపోయింది. తన సొత్తెవరో దోచుకున్నట్టే అనిపించింది.

చుట్టుపక్కల వీధులన్నీ తిరిగింది. తవ్విన ప్రతిచోటా ఒక కుర్చీ. ఆ ముసలాయన చేతి పని లేకపోతే తన పనేమవుతుందో ఇప్పుడు తెలిసొచ్చింది.

చివరికి వ్యాను పక్కనే కారాపి, ఎదురింటి తలుపు తట్టింది. చోటు ఆయనది. ఆయన గదిమితే వ్యానువాడు తీసేస్తాడు. ఈ ఒక్క రాత్రికీ అడిగే పుచ్చుకుందామనుకుంది.

నడివయసు స్త్రీ తలుపు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

“స్తాచూరాగారిని పిలుస్తారా? ఆయన చోట్లో ఎవరో వ్యాను పెట్టేశారు.”

“మా తమ్ముడిదమ్మా. కబురు విని ఇప్పుడే వచ్చాడు. నాన్న పొద్దున పార తీసుకుని బయల్దేరుతూ గుమ్మంలోనే కూలిపోయాడు. మరి లేవలేదు.”

కోరిన్ తలుపు చెక్క పట్టుకుంది.

“అయ్యో... పాపం, కారు కోసం ఎంత కష్టపడి తవ్వుకునేవారో...”

“కారా?” ఆవిడ వింతగా చూసింది. “చూపు తగ్గాక నాన్న కారు అమ్మేసి ఏళ్ళయింది. తవ్వేది ఎదురింటి మేడ మీద ఉండే నర్సు పిల్ల కోసం. ఒక పొద్దున పక్క వీధిలో కారు మీద మంచు గోక్కుంటూ ఏడుస్తుంటే చూశాడట. ఖాళీగా వదిలితే ఎవరో ఒకరు పెట్టేస్తారని కుర్చీ వేసేవాడు.”

“మరి... ఆ అమ్మాయికి చెప్పలేదా?”

“నేనూ అలాగే పోట్లాడాను. ‘పిచ్చిదానా, ఊరుకాని ఊళ్ళో ముక్కూమొహం తెలియని ముసలాడు ఊరికే ఇస్తానంటే ఆ పిల్ల భయపడి పుచ్చుకోదు, కాజేశాననుకుంటేనే రోజూ ధీమాగా పెట్టుకుంటుంది’ అన్నాడు.”