కుడి చేతి గ్లౌజు

"అంటే, ఇరవై ఏళ్లలో ఇక్కడ ఒక్కరికి ఒక్క దెబ్బ కూడా తగల్లేదంటారు?" ఆల్ఫ్రున్ మూడోసారి అడిగింది.

చేపల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పద్దెనిమిది మంది ఆడవాళ్లు బల్లల వెనక వరసగా కూర్చుని ఉన్నారు. అందరి చేతులూ ఏప్రన్ జేబుల్లోనే ఉన్నాయి. ముందున్న కాఫీలు చల్లారిపోతున్నా ఒక్కరూ కప్పు ముట్టుకోలేదు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమోనన్నట్టు పెదాలు బిగించుకున్నారు.

"చెప్పారుగా, ఏమీ కాలేదని," అన్నాడు మేయరు ఐవింద్ గుమ్మం దగ్గర నిలబడి. "గుప్పెడు ఊరు మాది. ఒకరు తుమ్మితే పది ఇళ్లలో వినబడుతుంది. ఏదైనా అయ్యుంటే మాకు తెలీదా?"

"మరి ఆ చేప తలలు నరికే యంత్రానికి అడ్డు రేకైనా లేదేం?"

"ఇరవై ఏళ్లుగా అలాగే ఉంది. అవసరం పడలేదు."

ఆల్ఫ్రున్‌కి ఒళ్లు మండింది. ఆమె రాజధాని రేక్యవిక్‌లోని విశ్వవిద్యాలయం నుంచి రెండు సంగతులు తేల్చుకోవడానికి వచ్చింది. ఒకటి, కూలీల భద్రత. రెండోది, ఊరి ఆదాయం. రెండోది ఒక్క పూటలో తేలిపోయింది. ఫ్యాక్టరీ ఊరిదే. బడి, ముసలివాళ్ల ఆశ్రమం, రోడ్ల మీద మంచు ఎత్తే బండి, అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. మొదటిది మాత్రం నాలుగు రోజులైనా అంగుళం కదల్లేదు. ఒక్క మనిషి నోరు విప్పితే చాలు, తనిఖీవాళ్లు వచ్చి ఆ యంత్రాన్ని ఆపేస్తారు. రేకు బిగించేదాకా తిరగనివ్వరు. ఎవరూ విప్పకపోతే నివేదికలో 'ప్రమాదాలు లేవు' అని రాయాలి. యంత్రం అలాగే నోరు తెరుచుకుని ఉంటుంది. ఆమె తిరుగు పడవ ఆ మధ్యాహ్నం రెండింటికే.

"రన్వేగ్ మీకోసం గ్లౌజులు అల్లుతోంది," అన్నాడు ఐవింద్ సాగనంపుతూ. "ఊరి తరఫున కానుక. పోతూ పోతూ తీసుకోండి. మా ఊరి నుంచి ఎవరూ వట్టి చేతులతో వెళ్లరు."

"నేను వెళ్తున్నాగా," అంది ఆల్ఫ్రున్.

రన్వేగ్ ఇల్లు ఫ్యాక్టరీ వెనకే. పనివాళ్లు రబ్బరు గ్లౌజుల లోపల వేసుకునే ఉన్ని గ్లౌజులన్నీ ఆ ముసలామె చేతి మీదుగా వచ్చినవే. సూదుల వంక చూడదు. ఎదుటి మనిషిని చూస్తూ మాట్లాడుతుంటుంది, అల్లిక దాని పాటికి అది సాగిపోతుంది. అప్పటికే ఎడమ చేతిది అయిపోయి బల్ల మీద ఉంది. కుడిదానికి వేళ్లు అల్లడమే మిగిలింది.

"కూర్చో అమ్మాయ్. ఇంకో గంటలో అయిపోతుంది. ఈ తీపి క్లైనాలు తిను, పొద్దున్నే వేయించాను."

మిట్టమధ్యాహ్నమే అయినా ఇంట్లో దీపం వెలుగుతోంది. చలికాలం, కొండ దాటి ఆ ఊళ్లోకి ఎండ రాక రెండు నెలలైంది.

"ఫ్యాక్టరీవాళ్లంతా మీ దగ్గరికి వస్తారు కదా, రన్వేగ్ గారూ?"

"రాక? కొలతలకని వస్తారు, కబుర్లు చెప్పి పోతారు."

"దెబ్బల కబుర్లు ఎవరూ చెప్పలేదా?"

"ఉంటేగా చెప్పడానికి." కళ్లలో కళ్లు పెట్టి చెప్పింది. కింద సూదులు టిక్కుటిక్కుమంటూనే ఉన్నాయి.

"మీ మనవరాలు హల్బేరాని సోమవారం నుంచి ఆ యంత్రం మీద వేస్తున్నారట."

సూదులు ఆగిపోయాయి.

"ఎవరన్నారు?"

"తనే చెప్పింది. జీతం ఎక్కువట."

రన్వేగ్ కిటికీ వైపు తిరిగింది. మసక చీకట్లో బడి దీపాలు కనిపిస్తున్నాయి.

"దాని కొడుకు ఆ బళ్లోనే ఉన్నాడు," అంది. "యంత్రం ఆపితే ఫ్యాక్టరీ ఆగుతుంది. ఫ్యాక్టరీ ఆగితే బడి మూస్తారు. బడి మూసిన ఊరు ఎన్నాళ్లు బతుకుతుందో చదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

"ఆగేది రేకు బిగించేదాకానేగా!"

"బిగించే స్తోమతే ఉంటే ఇన్నాళ్లు చూస్తూ కూర్చుంటారటే, వెర్రిదానా?"

"అంటే ఏదో జరిగింది!"

"ఏమీ జరగలేదని చెప్పానా లేదా?" ముసలామె కసిరింది. "ఇంకోసారి అడిగావంటే కాఫీ కూడా పొయ్యను."

సూదులు మళ్లీ కదిలాయి, ఇందాకటి కన్నా జోరుగా. ఆల్ఫ్రున్ ఇక అడగలేదు. రేవులో పడవ కూత పెట్టింది. ఆమె నివేదిక కాగితం ఒళ్లో పరిచి, 'ప్రమాదాలు' అన్న గడిలో సున్నా చుట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇదిగో, అయిపోయింది." రన్వేగ్ దారం పంటితో కొరికి గ్లౌజు అందించింది. "మా ఊరి మీద కోపం పెట్టుకోకు తల్లీ."

ఎడమ చేతిది అచ్చం కొలిచినట్టు పట్టింది. కుడిదాంట్లో చిటికెన వేలు దూరింది, ఉంగరపు వేలు దూరింది, మధ్య వేలు, బొటనవేలు కూడా దూరాయి. చూపుడు వేలికే చోటు లేదు. అది ఉండాల్సిన దగ్గర ఉన్ని చదునుగా, ఎంతో పొందిగ్గా ముడేసి మూసేసి ఉంది.

ఆల్ఫ్రున్ ఆ చెయ్యి పైకెత్తి చూపించింది.

"అయ్యో, నా మతిమండ!" రన్వేగ్ తల కొట్టుకుంది. "నీకు వేళ్లన్నీ ఉన్నాయి కదూ!"