వన్స్ మోర్

"అమ్మాయ్, కొండ మీంచి దూకే సినిమా ఇదేనా?"

దయామణి పక్కకు తిరిగి చూసింది. మసి కొట్టుకుపోయిన చీరతో ఒకామె ఆడవాళ్ళ వైపు ఇసుకలో చతికిలబడి ఉంది. పేరు కోటమ్మట. పొద్దున కారంపూడిలో బొగ్గు బస్సెక్కి నరసరావుపేట వచ్చిందట. యుద్ధం అయిపోయి ఏడాదైనా ఆ బస్సులు ఇంకా బొగ్గుతోనే నడుస్తున్నాయి. దిగినవాళ్ళ ముఖాలు చూస్తేనే తెలిసిపోతుంది.

"ఇదే పెద్దమ్మా. ఇంతకుముందు చూళ్ళేదా?"

"సినిమా అనేదే చూళ్ళేదు. ఇదొక్కటీ చూడాలని వచ్చా. రేపు డేరా ఎత్తేత్తారంట గదా?"

నిజమే. మీరా సాహెబ్ డేరా టాకీసులో వారం నుంచి సినిమా తిరునాళ్ళ జరుగుతోంది. రోజుకో సినిమా. ఈరోజుతో సరి. ఈ చివరి సినిమాలో కొండ కారంపూడి పక్కదే కాబట్టి, హీరో రఘునాథ్ స్వయంగా వచ్చి ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు.

దయామణి బడిపంతులమ్మ. ఆయన బొమ్మ కత్తిరించి బైబిల్లో దాచుకునేంత పిచ్చి ఆమెది. పాస్టరుగారైన వాళ్ళ నాన్నకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా! ఇలాంటి తిరునాళ్ళకు ఇంట్లో చెప్పకుండా రావడం ఇదే మొదలు.

ఇంజను టకటకలాడింది. దీపాలు ఆరిపోయాయి.

కోటమ్మకు కథ పట్టలేదు. రాజు ఎవరో, రాణి ఎందుకు ఏడుస్తోందో అడగలేదు. "కొండ ఎప్పుడొచ్చుద్ది?" అని మాత్రం చంపుకు తినేసింది. దయామణికి మొదట విసుగేసింది, తర్వాత కాస్త అసూయ కూడా కలిగింది. హీరో పిచ్చిలో తనను మించినది ఒకత్తె దొరికింది!

కొండ వచ్చింది. దాని అంచున, జనానికి వీపు పెట్టి, ఒక మనిషి నిలబడ్డాడు. తలపాగా కొస గాలికి రెపరెపలాడుతోంది. శత్రువులు తరుముకొస్తున్నారు.

"ముఖం కనపడకపోయినా ఆయన్ని ఇట్టే పోల్చుకోవచ్చు," అంది దయామణి మురిసిపోతూ.

"పోల్చుకోలేనా? ఆ నిలబడే తీరు సాలదా?" అంది కోటమ్మ ముందుకు వంగి.

మనిషి దూకాడు. డేరా అంతా ఈలలు. కోటమ్మ మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుంది. పాపం భయమేమో అనుకుంది దయామణి.

"వన్స్ మోర్!" అని ఎవరో అరిచారు.

నాటకంలో పద్యం బాగుంటే మళ్ళీ పాడించుకోవడం ఇక్కడి జనానికి అలవాటు. తెర మీద బొమ్మలొచ్చినా ఆ అలవాటు పోలేదు. వేయకపోతే డేరా తాళ్ళు కోసేస్తారు. అందుకని మీరా సాహెబ్ మిషను ఆపించి, రీలు వెనక్కి చుట్టించాడు.

"ఆ మాటంటే మళ్ళీ ఏత్తారా?" కోటమ్మ దయామణి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వేస్తారు పెద్దమ్మా."

మళ్ళీ కొండ. మళ్ళీ ఆ మనిషి. కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెప్ప వాల్చకుండా చూసింది. దూకబోయేసరికి మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈలలు వినపడగానే లేచి నిలబడి, "వన్సు మోరు!" అని అరిచింది.

జనం గొల్లుమన్నారు.

"ఏందమ్మో, ఈ వయసులో హీరో మీద అంత మోజేంది?" అన్నాడొకడు మగవాళ్ళ వైపు నుంచి.

కోటమ్మ ఆగలేదు. గొంతు జీరపోయినా అరుస్తూనే ఉంది.

"చాలమ్మా, కూర్చో. ఇంజనుకు నూనె చాలదు," అని మీరా సాహెబ్ కసిరాడు.

సినిమా ముందుకు సాగిపోయింది. రాజ్యం గెలిచారు, పెళ్ళి చేసుకున్నారు. కోటమ్మ ఇసుకలోకి తలవంచుకుని కూర్చుంది. అవేవీ చూడలేదు.

ఆట అయ్యాక రఘునాథ్ మెడనిండా దండలతో తెర ముందుకొచ్చాడు. దగ్గర్నుంచి కాస్త పొట్టిగా ఉన్నాడు గానీ, దయామణి ఆ సంగతి ఒప్పుకోలేదు.

"ప్రాణానికి ముప్పు, వద్దన్నారు అందరూ. అయినా ఆ కొండ మీంచి నేనే దూకాను. మీ అభిమానమే నన్ను కాపాడింది!"

చప్పట్లకు డేరా అదిరిపోయింది. దయామణికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇందాక వన్స్ మోర్ అన్న ఆ తల్లి ఎక్కడ? ఇలా రానివ్వండి," అన్నాడాయన.

జనం దారిచ్చారు. కోటమ్మ వెళ్ళి నిలబడింది. ఆయన తన మెడలోంచి ఒక దండ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దండను చూడలేదు. ఆయన్నీ చూడలేదు. ఆయన వెనకున్న ఖాళీ తెరనే చూస్తోంది.

"నేను దూకడం అంత నచ్చిందా అమ్మా? ఏం కావాలో కోరుకో."

కోటమ్మ చేతులు జోడించింది.

"ఆ కొండ ఇంకొక్కసారి చూపిచ్చమను బాబూ, దూకేదాకా నా కొడుకు బతికే ఉంటాడు."