బోణీ కాని గంప

అంబదాస్ చేతిలో అప్పటికి మిగిలిన సరుకు ఇంతే: ఒక సొంత కాలు, బీరువా మీద సంచిలో ఒక జైపూర్ పెట్టుడు కాలు, కింద షట్టరు దించిన బట్టల దుకాణం, వచ్చినవాళ్లనల్లా కసిరే నోరు.

షుగరు అతని ఎడమ కాలిని మోకాలి కింద నుంచి తీసుకుపోయింది. అప్పటినుంచి కాగజ్‌నగర్ బజారులో దుకాణం కింద, అతను మేడ మీద. పొద్దున్నే పక్క దుకాణాల షట్టర్లు లేచే చప్పుడు వింటే మంచం మీద కుదురు ఉండదు. తువ్వాల మడత పెడతాడు, విప్పుతాడు, మళ్లీ మడత పెడతాడు. కిటికీ దాకా దేకుతాడు, తిరిగి వస్తాడు. కాని ఆ జైపూర్ కాలు పెట్టుకుని మెట్లు దిగమంటే మాత్రం మనిషి మీద పడతాడు. సెల్‌ఫోన్ల వ్యాపారం చేసే ఒకాయన దుకాణం కిరాయికి అడుగుతున్నాడు. దసరాకి ఇచ్చేస్తానని అంబదాస్ సగం మాట ఇచ్చేశాడు కూడా.

నడక నేర్పుతామని వచ్చినవాళ్లను ఇద్దరిని అప్పటికే వెళ్లగొట్టాడు. ఆ తర్వాత అదే పని మీద మహిమ వచ్చింది. ఆసిఫాబాద్ పిల్ల. సన్నటి మనిషి, భుజానికి పుస్తకాల సంచి.

"ఏం సదువు నీది?" అన్నాడు అంబదాస్.

"పునరావాస కౌన్సెలింగ్‌ల పీజీ కాకా. హైదరాబాద్‌ల. రెండేండ్లు."

"కౌన్సెలింగంటే కాలేజీ సీట్లు పంచుడు గదా?"

"అది వేరే."

"పునరావాసమంటే? డ్యాముల ఊరు మునిగినోళ్లకు ఇండ్లిచ్చుడా?"

"అదీ వేరే. కాలో చెయ్యో పోయినోళ్లను మళ్ల వాళ్ల పనిల కూర్చోబెట్టుడు."

"నేను కూర్చునే ఉన్న గదా. ఇగ పో."

ఆమె పోలేదు. గుమ్మం దగ్గర స్టూలు ఉంటే లాక్కుని కూర్చుంది.

"సీటు కోసం పోయినప్పుడు ఇంటర్వ్యూల గిదే అడిగిన్రు కాకా, మనిషి పొమ్మంటే ఏంజేస్తవని. మా అవ్వ అంగడిల కూరగాయలమ్ముతది సార్, పొమ్మన్నోళ్లనే మళ్ల పిలుస్తమని చెప్పిన. సీటిచ్చిన్రు."

అంబదాస్‌కు నవ్వు వచ్చింది. బయటికి రానివ్వలేదు.

"ఒక మనిషిని ఇంట్లకెళ్లి బయటికి తెచ్చి పనిలకు చేర్చాలె," అంది మహిమ. "జర మీరే బోణీ చెయ్యాలె."

ఆ మాట దగ్గర చిక్కాడు. ఏళ్ల తరబడి గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి. ఎవరినైనా తిట్టి పంపగలడు కాని, బోణీ అడిగినవాళ్లను ఉత్త చేతులతో పంపడం అతనివల్ల కాదు.

"నేను చెయ్యకపోతే? పరీక్ష తప్పుతవా?"

మహిమ తల దించుకుంది. "బోణీ కాని గంప ఇంటికెట్ల తీస్కపోతం కాకా."

అంబదాస్ చేతిలో తువ్వాల మడత పెట్టి పక్కన పడేశాడు. తర్వాత భార్య తారాబాయిని కేకేశాడు.

"బీరువ మీది సంచి దించు. పిల్ల సదువు ఖరాబైతది."

ఆ రోజు నుంచి అతని పరేషాన్ మారిపోయింది. ఇదివరకు దుకాణం గురించి, ఇప్పుడు ఈ పిల్ల గురించి. ఆమె వచ్చే బస్సు ఆలస్యమైతే కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు. నిలబడి! ఆమె రాని రోజుల్లో మంచం నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి మెట్ల దాకా తనే తిరిగేవాడు. మొండి కాలు ఒరుసుకుని మంట పుడితే ఒక పూట ఆగేవాడు. రెండో పూటకు మళ్లీ పట్టీలు బిగించేవాడు.

"గింత తొందరెందుకు నీకు?" అంది తారాబాయి.

"పరీక్షలు దగ్గర పడుతున్నయేమో."

"పరీక్షలు ఆమెకా, నీకా?"

"ఇద్దరికీ అనుకో."

ఒకసారి మెట్ల మధ్యలో కూలబడ్డాడు. మహిమ చెయ్యి అందించలేదు. పై మెట్టు మీద తనూ కూర్చుంది.

"లేపవా?"

"నేను లేపితే నేను లేపినట్టయితది కాకా."

"గిది గూడ క్లాసుల చెప్పిన్రా?"

"రెండో ఏడు చెప్పిన్రు."

ఆ క్లాసునీ, చెప్పిన పంతులునీ తిట్టుకుంటూ గోడ పట్టుకుని లేచాడు. చివరి మెట్టు దాకా దిగాడు.

దసరా ఇంకా రాకముందే అంబదాస్ దుకాణం షట్టరు ఎత్తాడు. సెల్‌ఫోన్ల ఆయనను వేరే చోటు చూసుకొమ్మని కబురు పంపాడు. మహిమ వచ్చి అతను గల్లాపెట్టె ముందు కూర్చోవడం కళ్లారా చూసింది. "బోణీ అయింది కాకా," అని దండం పెట్టి బస్సుకు వెళ్లిపోయింది.

మొదటి బేరం కొమురెల్లిది. చెల్లె పెండ్లికి చీరలు కావాలని ఆసిఫాబాద్ నుంచి వచ్చాడు.

"బోణీ నీదే తమ్మీ, అందుకే గీ ధర," అన్నాడు అంబదాస్. సాయంత్రం పూట వచ్చినవాళ్లకు కూడా అదే మాట చెప్పి అమ్మిన నోరది. ఇన్నేళ్లకు ఇవాళ నిజం చెప్పింది.

కొమురెల్లి చీరలు వదిలి అతని నడక చూస్తున్నాడు. అంబదాస్‌కు చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

"గీ కాలు నా కోసం పెట్టుకోలే. మహిమ అని మీ ఊరి పిల్లే, ఆమె సదువు నడుమ ఆగిపోతదని పెట్టుకున్న. ఆమెకు బోణీ నేనే."

చెబుతూనే మనసులో లెక్క చూసుకున్నాడు. దుకాణం దక్కింది, మెట్లు దిగడం వచ్చింది. అవి రెండూ కొసరు. అసలు లాభం, ఒక ఆడపిల్ల చదువు తన చేతి మీదుగా గట్టెక్కడం.

కొమురెల్లి ప్యాంటు మోకాలి దాకా పైకి లాగి, కుడి కాలి మీద వేలితో కొట్టాడు. టక్కుమంది.

"గా పిల్ల సదువు ఆగిపోతదనే నేను గూడ నడిచిన సేటూ, ఐదేండ్ల కింద."